పుట బరువు

దసరా దినములలో ఒక వస్త్రవ్యాపారి తన వెబ్‌సైటు మొదటి పుటపై ‘దసరా పండుగ సందర్భమున చీరలపై 20 శాతం తగ్గింపు’ అని ప్రకటింపదలచెననుకొందము. ఆ వాక్యమును అక్షరములుగానే పెట్టినచో దాని బరువెంతయో వ్రేళ్లపై లెక్కింపవచ్చును. యూనికోడ్ అక్షరములను భద్రపరచుటకు నేడు ఎల్లెడల వాడుకలో నున్న యూటీఎఫ్-8 పద్ధతిలో, తెలుగులోని ప్రతి గుర్తునకును, అది హల్లైనను, గుణింతపు గుర్తైనను, పొల్లైనను, సున్నయైనను, మూడేసి బైట్లు పట్టును. పై వాక్యమున అట్టివి ముప్పదియారు. అంకెలకును పదముల నడిమి ఖాళీలకును ఒక్కొక్కటి చొప్పున మరి ఎనిమిది. వెరసి 116 బైట్లు. కాని మన వ్యాపారి అట్లు చేయడు. వీధిలో కట్టు ఫ్లెక్సీని గీసిన డిజైనరు చేతనే ఎర్రని నేలపై పసుపుపచ్చని అక్షరములు వేయించి, మూలనొక మామిడితోరణమును, పక్కనొక పట్టుచీర కట్టిన సుందరిని చేర్పించి, అంతయు ఒకే జేపెగ్ చిత్రముగా చేయించి అతికించును. అది మూడులక్షల బైట్లున్నను ఆశ్చర్యము లేదు. చెప్పిన మాట అదియే. మోసిన బరువు మాత్రము రెండువేల ఐదువందల రెట్లకు మించినది.

బరువు మాట అటుండనిండు. చూపు లేనివారు కంప్యూటరును, ఫోనును స్క్రీన్ రీడరు సహాయమున వాడుకొందురు. తెరపై నున్న అక్షరములను కంఠస్వరముగా మార్చి వినిపించు సాఫ్ట్‌వేరది. ఆస్ట్రేలియాలో మైఖేల్ కర్రన్ అను అంధుడు 2006లో మొదలుపెట్టగా, తానును అంధుడే యగు జేమ్స్ టే తోడ్పడి పెంచిన ఎన్‌వీడీఏ అట్టిది. పైకము లేకయే లభించును. దానితో కూడవచ్చు ఈస్పీక్ స్వరము, యాస కొంత మరమనిషి యాసయైనను, తెలుగును గూడ చదివి పెట్టును. పై వాక్యము అక్షరములుగా నున్నచో శ్రోతకు ఉన్నదున్నట్లు వినబడును. చిత్రముగా నుండి, నొక్కినచో వేరొక పుటకు గొనిపోవు లింకుగా నుండి, దానికి బదులుమాటగా నాలుగు పదములైనను వ్రాసి జతపరచి యుండనిచో, ఆ సాఫ్ట్‌వేరు చేతికి చిక్కునది సాధారణముగా ఫైలు పేరొక్కటే; కావున అది మిక్కిలి గంభీరముగా ‘బ్యానర్ ఫైనల్ కొత్తది రెండు’ అని పలికి ఊరకుండును. ఆ పుటకు వచ్చిన కొనుగోలుదారు తగ్గింపు సంగతి తెలియకయే వెడలిపోవును.

ఈ రెండు నష్టములును ఒక్క తప్పునుండియే పుట్టినవి: అక్షరమును అక్షరముగా ఉంచక బొమ్మగా మార్చుట. ఈ అధ్యాయమున నేను చెప్పదలచినదంతయు ఈ ఉదాహరణమునకు వ్యాఖ్యానమనియే అనవచ్చును. వెబ్‌పుటలో ఏ వస్తువు ఆ వస్తువుగా, అనగా పాఠము పాఠముగా, శీర్షిక శీర్షికగా, బటన్ బటన్‌గా ఉన్నచో, అది వికలాంగులకు అందుబాటులోనికి వచ్చును. ఆ కారణము చేతనే తేలికయు నగును. తేలికయైన పుట తక్కువ విద్యుత్తును తినును. సుగమ్యత యని ప్రభుత్వపత్రములలో వాడబడుచున్న గుణమునకును, పర్యావరణరక్షణకును గల చుట్టరికమిది.

తెలుగువారికి ఈ తప్పు నిన్న మొన్నటిది కాదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగులిపికి స్థానము లభించినను, ఆ తరువాత చాలకాలము మన పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వారు తయారుచేసికొని, ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను నిలిపి నెట్టుకొని వచ్చినవి; కొన్ని చోట్ల వార్తనే చిత్రముగా పెట్టుటయు కలదు. ఆ ఫాంటు లేని యంత్రమున తెరచినచో వార్తకు బదులు పిచ్చిగీతల వరుస కనబడెడిది. వెదకుటకు గాని, పెద్దదిగా చేసికొనుటకు గాని, చదివించుకొని వినుటకు గాని వీలుండెడిది కాదు. ఆ దశ గడచినది. గడచినను, అలవాటు చావలేదు. టైపు చేసిన ఉత్తరువును ముద్రించి, సంతకము చేసి, ఆ కాగితమును మరల స్కాను చేసి, పీడీఎఫ్ పేరిట వెబ్‌సైటున పెట్టుట మన కార్యాలయములలో నిత్యకృత్యము. పుటకు రెండువేల గుర్తుల చొప్పున పది పుటల ఉత్తరువు అక్షరములుగా అరువదివేల బైట్లు. స్కాను చేసినచో ఎన్నియో మెగాబైట్లు. కంప్యూటరులో అక్షరములుగా పుట్టినదానిని కాగితముపైకి దింపి, అచ్చట దాని ప్రాణము తీసి, శవమును తిరిగి కంప్యూటరులోనికి ఎక్కించుటయను ఈ విధానమును చూచినప్పుడెల్ల నాకు విచారము కంటె నవ్వే ముందు వచ్చును.

వెబ్ పుట్టుకతో ఇట్లు లేదు. టిమ్ బర్నర్స్-లీ జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున 1991లో లోకమునకు తెరచి చూపిన మొదటి పుటలో అక్షరములును, లింకులును తప్ప వేరొండు లేదు. ఏ యంత్రమైనను దానిని చూపగలదు, ఏ స్వరయంత్రమైనను చదువగలదు. బొమ్మలును, రంగులును, కదలికలును చేరిన కొలది అది కొందరికి మూతపడసాగెను. అందుచేత 1997లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము సుగమ్యతకై ఒక ప్రత్యేక విభాగమును నెలకొల్పి, 1999లో మొదటి మార్గదర్శక సూత్రములను ప్రకటించెను. 2008లో వానిని తిరుగవ్రాసెను. 2023లో వెలువడిన 2.2 కూర్పు ఇప్పటికి ప్రమాణము. అక్షరమునకును వెనుకటి రంగునకును నడుమ కాంతిభేదము కనీసము 4.5కు 1 ఉండవలెననుట అందలి ప్రసిద్ధమైన నియమములలో నొకటి. ఆచరణ మాత్రము వేరు. వెబ్‌ఎయిమ్ అను అమెరికా సంస్థ ఏటేట పదిలక్షల వెబ్‌సైట్ల ముఖపుటలను యంత్రము చేత పరీక్షింపజేయును; 2025లో వానిలో 94.8 శాతమునందు ఏదో యొక లోపము బయటపడెను. వెలవెలబోవు అక్షరములు 79.1 శాతమునందును, బదులుమాట లేని బొమ్మలు 55.5 శాతమునందును కనబడెను.

ఇక విద్యుత్తు. మేఘమనియు, క్లౌడనియు మనము పిలుచునది ఆకాశమున లేదు. భూమిపైననే, చల్లదనపు యంత్రములు హోరెత్తు గోదాములలో నున్నది. అంతర్జాతీయ శక్తిసంస్థ లెక్క ప్రకారము 2024లో ప్రపంచమందలి డేటా సెంటర్లు వాడుకొన్న విద్యుత్తు సుమారు 415 టెరావాట్-అవర్లు, అనగా మన కరెంటు బిల్లు భాషలో 41,500 కోట్ల యూనిట్లు. ప్రపంచవినియోగములో ఇంచుమించు ఒకటిన్నర శాతము. ఇది వెబ్‌పుటల వలననే యని చెప్పుట అసత్యము. వీడియోలును, బ్యాంకుల లెక్కలును, నేటి కృత్రిమమేధయు అన్నియు అందున్నవి. కాని పుటలును తమవంతు పెరిగినవి: 2011లో అర మెగాబైటునకు లోబడియుండిన మధ్యస్థపు డెస్క్‌టాప్ పుట 2024 నాటికి 2.6 మెగాబైట్లకు చేరినది. అందు చదువదగిన పాఠము మాత్రము ఆ నిష్పత్తిలో పెరిగినది కాదు.

ఒక పుటను తెరచుటకు పట్టు విద్యుత్తును గూర్చి లోకమున ప్రచారములో నున్న అంకెలను కొంత అనుమానముతోనే గ్రహింపవలెను. డిజైనర్లు ఎక్కువగా వాడు ఒక గణనపద్ధతి గిగాబైటునకు 0.81 యూనిట్లని చాలకాలము చెప్పి, 2024లో ఆ అంకెను, యంత్రముల తయారీకైన శక్తిని గూడ కలుపుకొని, సుమారు 0.3కు దింపినది. నెట్‌వర్కు యంత్రములు డేటా ఎక్కువగా పారినను, తక్కువగా పారినను ఇంచుమించు ఒకే విద్యుత్తును తినుచుండుననుట ఇంకొక చిక్కు. అయినను కొత్త అంకెనే పట్టి, మన దేశపు విద్యుత్తులో యూనిటుకు సుమారు 0.7 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువని లెక్కించినచో, 2.6 మెగాబైట్ల పుటకు ఒకమారు తెరచుటకై అర గ్రామునకు కొంచెము పైగా వచ్చును. చిన్నమొత్తమే. ఈ అర గ్రామును పాఠకులు గుర్తుంచుకొనవలెనని నా కోరిక. మరల దానితో పని పడును.

బొమ్మలకంటె లోతైన సంగతి బటన్‌ది. హెచ్‌టీఎమ్ఎల్ అను పుటనిర్మాణభాషలో బటన్ అని ఒక మూలకము కలదు. దానిని వాడినచో డిజైనరు ఏమియు చేయనక్కరలేకయే, ట్యాబ్ మీట నొక్కుచు పోవువాడు దానికడకు చేరగలడు. ఎంటర్ నొక్కినను, స్పేస్ నొక్కినను అది పనిచేయును. స్క్రీన్ రీడరు దాని పేరు చదివి, ‘బటన్’ అనియు చెప్పును. ఇదంతయు బ్రౌజరులోనే ముందుగా అమర్చియున్నది. ఒక్క బైటు అదనముగా దిగుమతి చేసికొననక్కరలేదు. కాని నేటి నిర్మాతలలో పెక్కురు డివ్ అను నిర్గుణమైన పెట్టెను తెచ్చి, దానికి రంగు పూసి, మూలలు గుండ్రన చేసి, మౌసుతో నొక్కినప్పుడు పనిచేయునట్లు జావాస్క్రిప్టు వ్రాసి, అదియే బటన్ అందురు. చూచువారికి భేదము తెలియదు. మౌసు పట్టలేనివానికి అది గోడపై గీసిన తలుపు. పిమ్మట ఎవరో ఫిర్యాదు చేయగా, ట్యాబ్‌కు అందుటకొక గుణమును, పేరు చెప్పుటకొక గుణమును, ఎంటరునకొక స్క్రిప్టును, స్పేసునకొక స్క్రిప్టును తగిలించుచు పోవుదురు. ఉచితముగా వచ్చు వస్తువును వదలుకొని, దాని నకలును తూకమునకు కొనుట యన్నమాట. పైగా జావాస్క్రిప్టు బైటును బొమ్మ బైటుతో సమానముగా చూడరాదు. బొమ్మను దించి విప్పి చూపినచో సరిపోవును. స్క్రిప్టును దించుటయే కాక ఫోనులోని ప్రాసెసరు దానిని చదివి, తనకు తెలిసిన భాషలోనికి మార్చుకొని, నడుపవలెను. ఆ శ్రమ బ్యాటరీపై పడును. చవక ఫోనునందు మరింత ఎక్కువ సేపు పడును.

బ్రిటిష్ ప్రభుత్వపు గవ్.యూకే వెబ్‌సైటువారు 2022లో జెక్వెరీ అను పాత స్క్రిప్టు గ్రంథాలయమును తమ పుటలనుండి తొలగించిరి. పుటకు తగ్గినది 32 కిలోబైట్లు మాత్రమే, నవ్విపోదగిన మొత్తము. కాని లాభమెవరికి కలిగినదని కొలిచి చూడగా, వేగమైన నెట్‌వర్కును, కొత్త యంత్రమును గలవారికి అంతంతమాత్రముగాను, మందకొడి నెట్‌వర్కును పాత యంత్రమును గలవారికి ఎక్కువగాను కనబడెను. నెదర్లాండ్సుకు చెందిన డానీ వాన్ కూటెన్ అను ప్రోగ్రామరు 2020లో, ఇరువదిలక్షల వెబ్‌సైట్లు వాడుచున్న తన చిన్న ప్లగిన్ నుండి 20 కిలోబైట్ల స్క్రిప్టును తీసివేసి, దానివలన నెలకు 59,000 కిలోగ్రాముల వాయువు తగ్గునని అంచనా వేసికొనెను. ఆ అంచనా వెనుకటి కాలపు లెక్కలది. అందులో సగమే నిజమైనను, పావే నిజమైనను, ఒక మనిషి ఒక మధ్యాహ్నము కూర్చుండి చేయగల పనులలో ఇంతకు మించినది అరుదు.

అయినను, కిలోబైట్లను లెక్కించుటతోనే ఈ విషయము తీరినదనుకొనువారితో నేను ఏకీభవింపజాలను. అసలు లాభము వేరు రెండు చోట్ల నున్నది.

మొదటిది ఫోను ఆయుర్దాయము. ఒక స్మార్ట్‌ఫోను తన జీవితకాలమున వాతావరణమునకు చేయు చెరుపులో అధికభాగము అది మన చేతికి రాకముందే, గనులలోను, చిప్పుల కర్మాగారములలోను జరిగిపోవును. మనము చార్జింగు పెట్టు విద్యుత్తు పాలు అల్పము. కనుక ఫోనును ఇంకొక రెండేండ్లు వాడుట ఉత్తమమైన పొదుపు. జనులు ఫోనును ఏల మార్చుదురు? పగిలియు కొందరు, మోజుతో కొందరు. కాని ‘పాతదైపోయినది, ఏదియు తెరచుకొనుట లేదు’ అని మార్చువారే ఎందరో. ఫోను ఏమియు మారలేదు, పుటలు బరువెక్కినవి. 2022లో ప్రపంచమున పోగుపడిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులనియు, అందు సక్రమముగా సేకరింపబడి శుద్ధియైనది 22.3 శాతమేయనియు ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పుచున్నది. పాత ఫోనున పనిచేయు పుటను వ్రాయుటయు, స్క్రీన్ రీడరునకు లొంగు పుటను వ్రాయుటయు ఆచరణలో చాలవరకు ఒకే శిల్పము.

రెండవది ప్రయాణము. కృష్ణాజిల్లాలో పట్టణమునకు పది కిలోమీటర్ల దూరమున నున్న పల్లెలో ఒక అంధోపాధ్యాయుని ఊహించుకొందము. బీమా ప్రీమియము కట్టుటకు వెబ్‌సైటు తెరచెను, పేరు, పాలసీ సంఖ్య నింపెను, ఓటీపీ వచ్చెను, తుదకు వంకరటింకర అక్షరముల బొమ్మను చూపి, అందున్నది టైపు చేయుమని కాప్చా అడ్డుపడెను. వినిపించు ఏర్పాటు లేదు. మరునాడు కొడుకు సెలవు పెట్టి మోటారుసైకిలుపై తండ్రిని పట్టణమునకు తీసికొనిపోయి తెచ్చెను. రానుపోను ఇరువది కిలోమీటర్లు. లీటరుకు ఏబది కిలోమీటర్లనుకొన్నను నాలుగువందల మిల్లీలీటర్ల పెట్రోలు. లీటరు పెట్రోలు మండినచో వచ్చునది సుమారు 2.3 కిలోగ్రాములు గనుక, ఆ ప్రయాణమునకు తొమ్మిదివందల గ్రాముల పైచిలుకు వాయువు. ముందు చెప్పిన అర గ్రాము పైచిలుకుతో భాగించి చూడుడు. ఒక్క కాప్చా చేసిన నష్టమును పూడ్చుటకు పదియారువందలకు పైగా మార్లు పుట తెరచుటకైన శక్తిని మిగుల్పవలెను. విఫలమైన పుట ఎంత తేలికయైనను అది బరువైనదే.

ఇది ఊహాచిత్రమైనను, దీనికి మూలమగు బాధ నిజమైనది. ముఖముపై యాసిడ్ దాడికి గురియై కనురెప్ప ఆర్పలేని స్థితిలో నున్నవారిని ‘కనురెప్ప ఆర్పుడు’ అని అడుగు ఈ-కేవైసీ పద్ధతిపై వ్యాజ్యము నడచి, 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలను పొందుట రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవనహక్కునందు భాగమని తీర్పు చెప్పెను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము అంతకు ముందునుండియే ఉన్నది. 2011 జనగణనలో మన దేశమున వికలాంగులు 2.68 కోట్లు, వ్యాపారి దృష్టితో చూచినను ఇది వదలుకొనదగిన బేరము కాదు. ఐరోపా సమాఖ్యలో సుగమ్యతాచట్టము 2025 జూన్ 28 నుండి అమలులోనికి వచ్చుటచే, అచ్చటి వినియోగదారులకు ఆన్‌లైనులో వస్తువులమ్ము మనవారిలో, చట్టము మినహాయించిన మిక్కిలి చిన్న సంస్థలు తప్ప, తక్కినవారికి ఇది ఇంటి సంగతియే యైనది.

ఖర్చు ఎక్కువగునని మొరపెట్టువారికి సిడ్నీ ఒలింపిక్సు కథ చెప్పవచ్చును. బ్రూస్ మాగ్వైర్ అను అంధుడు ఆ క్రీడల వెబ్‌సైటున బొమ్మలకు బదులుమాటలు లేవని ఫిర్యాదు చేయగా, నిర్వాహకులు దానిని సరిచేయుటకు ఒక మనిషికి ఏడాదికి పైగా పట్టుననియు, ఇరువది లక్షల డాలర్లు దాటుననియు వాదించిరి. ఆస్ట్రేలియా మానవహక్కుల సంఘము నమ్మలేదు. 2000లో ఆయనకు 20,000 ఆస్ట్రేలియా డాలర్ల పరిహారము విధించెను. ఇల్లు కట్టిన పిమ్మట పునాది మార్చుటకు ఎక్కువ ఖర్చగుట సహజమే. అది పునాది తప్పు కాదు. ఈ అవస్థను కనిపెట్టి, ఒక్క వరుస స్క్రిప్టు తగిలించినచో మీ వెబ్‌సైటు తనంతట తానే సుగమ్యమగునని అమ్మజూపు కంపెనీలును వెలసినవి. అట్టి యొక కంపెనీ అతిశయోక్తులకు పది లక్షల డాలర్లు చెల్లింపవలెనని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను 2025లో నిర్ణయించినది. ఆ స్క్రిప్టు పుటను బాగుచేయదు; బరువు మాత్రము చేర్చును.

సుగమ్యతయు, పొదుపును ఎల్లప్పుడు చేయిచేయి పట్టుకొని నడచునని చెప్పి పాఠకులను మోసగింపను. బార్సిలోనాలో లో-టెక్ మేగజైన్ అను పత్రిక 2018 నుండి తన వెబ్‌సైటు ప్రతి నొకదానిని సౌరశక్తితో మాత్రమే నడుపుచున్నది. మబ్బు పట్టిన దినములు వరుసగా వచ్చినచో వెబ్‌సైటు మూతపడును. చిత్రముల బరువు తగ్గించుటకై వానిని చుక్కలచుక్కలుగా మార్చుదురు. సాహసము మెచ్చదగినదే, కాని చూపు మందగించినవానికి ఆ చుక్కల నుండి బొమ్మను ఏరుకొనుట కష్టము. నల్లని తెర కథయు ఇట్టిదే. ఓలెడ్ తెరలపై నల్లని నేల వాడినచో విద్యుత్తు మిగులుననుట నిజము. పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు 2021లో కొలువగా, వెలుగు పూర్తిగా పెంచినప్పుడు 39 నుండి 47 శాతము వరకు మిగిలెను. కాని సామాన్యముగా జనులు పెట్టుకొను 30-50 శాతపు వెలుగులో మిగిలినది 3 నుండి 9 శాతమే. కొందరి కన్నులకు నల్లనిపై తెల్లని అక్షరము చెదరినట్లు కనబడును గనుక, నిర్ణయమును చదువరికే వదలుట మేలు. తెలుగు ఫాంటులదింకొక పేచీ: ఒత్తులును, గుణింతములును కలసిన రూపములు వందలకొలది ఉండుటచే మన ఫాంటు ఫైలు ఇంగ్లీషు ఫాంటు కంటె చాల పెద్దది. ఆండ్రాయిడ్ ఫోనులలో నోటో, విండోస్‌లో నిర్మల ముందుగానే ఉండగా, సోయగమునకై వేరొకదానిని ప్రతి పాఠకుని చేతను దిగుమతి చేయించుట అవసరమా యని ఒకమారు ఆలోచింపదగును. సోయగము అక్కరలేదని నేననను. శీర్షికకు మాత్రము వాడుకొన్నచో చాలునందును.

పాఠకులలో వెబ్‌సైటు గల వ్యాపారులు, దుకాణదారులు, సహకార సంఘములవారు ఉందురు. వారికొక్క మనవి. ఈ పుస్తకమును పక్కన పెట్టి మీ వెబ్‌సైటును తెరచి, మౌసును దూరముగా జరిపి, ట్యాబ్ మీటను మాత్రమే నొక్కుచు ఒక వస్తువును కొనుటకు ప్రయత్నింపుడు. ఎచ్చట చిక్కుకొన్నారో కాగితముపై వ్రాసికొనుడు. పిమ్మట ఇంటిలో మూలబడిన పాత ఫోనును తీసి, చార్జింగు పెట్టి, అదే వస్తువును అందులోను కొనజూడుడు. రెంటికిని కలిపి పావుగంట పట్టును.